ముందు ఉద్యోగం, ఆ తర్వాతే శిక్షణ

సికింద్రాబాద్

చి. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

విజయవాడలో మేధో వైకల్యం ఉన్నవాళ్ల సెంటర్లో జాబ్ కోచ్‌గా చేరావని తెలిసి కడుపు నిండిపోయింది. నువ్వడిగిన ప్రశ్న ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను. "మా సెంటర్లో పాతికేళ్లు దాటినవాళ్లు కూడా ఇంకా కొవ్వొత్తులు, కాగితం కవర్లే చేస్తున్నారు. వీళ్లు బయట ఉద్యోగానికి ఎప్పటికి తయారవుతారు పెద్దమ్మా?" అన్నావు.

ఆ గదిలోనే కూర్చోబెడితే ఎప్పటికీ తయారవరు. ఒకచోట నేర్చుకున్నదాన్ని ఇంకోచోట వాడుకోవడం మేధో వైకల్యం ఉన్నవాళ్లలో చాలామందికి కష్టం. సెంటర్లో డబ్బాలు చక్కగా సర్దే అతనే సూపర్‌మార్కెట్లో తెల్లమొహం వేస్తాడు. అందుకని ముందు ఉద్యోగం చూడు, పని అక్కడే నేర్పు. 1970లలో అమెరికాలో మార్క్ గోల్డ్ అనే ఆయన, ఎందుకూ పనికిరారని అందరూ వదిలేసినవాళ్ల చేత 15 భాగాల సైకిల్ బ్రేకు బిగింపజేశాడు. పనిని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి ఒక్కోటీ చేయించాడు. నేర్చుకోలేకపోతే మన నేర్పే తీరు మార్చుకోవాలన్నదే ఆయన పట్టుదల. ఉద్యోగంలో పెట్టి, పక్కన నిలబడి నేర్పే ఈ పద్ధతి 1986లో అక్కడి పునరావాస చట్టంలోకి ఎక్కింది.

ముందు మనిషిని తెలుసుకో. సదరం సర్టిఫికెట్‌లోని వైకల్య శాతం పింఛనుకు పనికొస్తుంది గానీ అతనికి ఏ పని నప్పుతుందో చెప్పదు. వాళ్లింటికి వెళ్లి కూర్చో. ఎవరూ చెప్పకుండా ఏం చేస్తున్నాడు, ఏ చప్పుడుకి చెవులు మూసుకుంటున్నాడు, ఎంతసేపు నిలబడగలడు, ఇవన్నీ చూడు.

యజమాని దగ్గరికి జాలి మూటగట్టుకుని వెళ్లకు. అక్కడ ఎవరికీ తీరిక లేక వాయిదా పడుతున్న పని ఏదో కనిపెట్టు. సూపర్‌మార్కెట్లో గడువు తేదీలు చూడటం అలాంటిదే. ఎవరి మీదా పూర్తిగా ఉండదు, అందరికీ విసుగే. ఆ పనిని అంచెలుగా రాసుకో: ముందు ప్యాకెట్ తీయడం, తిప్పడం, తేదీ వెతకడం, చేతిలోని కార్డుతో పోల్చడం, కలిస్తే ఎర్రబుట్టలో వేయడం, కలవకపోతే ఉన్నచోటే పెట్టడం. ఏది ముందు, ఏది వెనక అని తేదీలు లెక్కగట్టడం అతనికి రాకపోవచ్చు. కార్డు మీద ఈ నెల, ఈ సంవత్సరం రాసిస్తే, అక్షరాలు కలిశాయా లేదా అన్నది మాత్రం చూడగలడు. ఇలా పనిని అతనికి సరిపడా మలచడమే నీ ఉద్యోగం.

నేర్పేటప్పుడు నోటికి పని తగ్గించు. 'తియ్యి, తిప్పు, పెట్టు' అని చెబుతూనే ఉంటే నీ గొంతు వినపడేదాకా అతని చెయ్యి కదలదు. వేలితో చూపించి ఆగు. మనసులో అయిదు లెక్కపెట్టు. మొదట్లో పక్కనే నిలబడు, తర్వాత రెండు వరసల అవతల, ఆ తర్వాత బిల్లింగ్ కౌంటర్ దగ్గర. ఈలోగా అతనితో కలిసి టిఫిన్ బాక్సు విప్పే తోటి ఉద్యోగి ఎవరో చూసి, సందేహం వస్తే అడగాల్సింది నిన్ను కాదు, ఆ మనిషినని అలవాటు చెయ్యి. అయితే, అతను కుదురుకున్నాడని చేతులు దులుపుకోకు. మేనేజర్ మారినా, అరలు మార్చి సర్దినా, సంక్రాంతి రద్దీ వచ్చినా కుదిరిన పని తడబడుతుంది. అప్పుడు మళ్లీ వెళ్లి పక్కన నిలబడాలి. ఉద్యోగం ఇప్పించడం కంటే నిలబెట్టడం పెద్ద పని.

ప్రయాణం కూడా ఉద్యోగంలో భాగమే. నాన్న బండి మీద దింపే ఉద్యోగం నాన్నకు జ్వరం వస్తే ఆగిపోతుంది. బస్సు నంబరు ఫొటో చేతికిచ్చి, బెంజ్ సర్కిల్ స్టాపులో నువ్వూ అతనితో నిలబడు. తప్పు బస్సెక్కితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా నేర్పు.

తల్లిదండ్రుల భయాన్ని కొట్టిపారేయకు. 'ఎవరైనా ఏమైనా అంటే?' అని తల్లి అడిగితే, అక్కడ ఎవరున్నారో, ఇబ్బందైతే అతను ఏం చేయాలో కూర్చుని చెప్పు. పింఛను పోతుందేమోనని తండ్రి అడుగుతాడు. సచివాలయంలో నియమాలు ముందే కనుక్కుని, ఉన్నది ఉన్నట్టు చెప్పు.

చట్టం తెలుసుకుని ఉండు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్ ఉంది. అందులో 1 శాతాన్నే ఆటిజం, మేధో వైకల్యం, లెర్నింగ్ డిజేబిలిటీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలున్న వాళ్లందరూ పంచుకోవాలి. దాని కోసమే కూర్చుంటే వయసు దాటిపోతుంది. ప్రైవేటు సంస్థలు 5 శాతం మందిని తీసుకునేలా ప్రోత్సాహకాలివ్వాలని చట్టం చెబుతుంది గానీ బలవంతం లేదు. అందుకే తలుపులు తట్టేవాళ్లు కావాలి. మన బోయినపల్లిలో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ నీకు అండ. ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఏ సందేహమొచ్చినా మొహమాటపడకుండా అక్కడి వాళ్లను అడుగు.

జీతం విషయంలో మెత్తబడకు. ఏళ్ల తరబడి 'స్టైపెండ్' అని చేతిలో కొంత పెడతామంటే ఒప్పుకోవద్దు. పక్కవాడు చేసే పనే చేస్తే పక్కవాడి జీతమే రావాలి, అదీ అతని పేరున్న ఖాతాలోనే పడాలి. పాతికేళ్ల మనిషిని పసివాడిలా బుగ్గ గిల్లి పలకరించేవాళ్లుంటే అక్కడికక్కడే ఆపు.

అందరినీ ఒకేసారి బయటికి తేవాలని ఆరాటపడకు. ఈ నెల ఒక్కరిని ఎంచుకో. వాళ్లింటికి వెళ్లు, చుట్టుపక్కల షాపులు తిరుగు, ఆ ఒక్కరికి ఒక్క ఉద్యోగం చూడు. ఆ జీతం ఇంటికి చేరితే మిగతా తల్లిదండ్రులే నిన్ను వెతుక్కుంటూ వస్తారు. వేళకి తిను.

దీవెనలతో,
పెద్దమ్మ