చెత్త ఎవరి సొత్తు?

బాలబాలికలారా! ఊరి చెరువు ఎవరిదని అడిగినచో “అందరిది” అని వెంటనే చెప్పెదరు. వీధి మలుపునందలి చెత్తకుప్ప ఎవరిదని అడిగినచో ఎవరును నోరు మెదపరు. అయినను ఈ రెంటికిని పోలిక గలదు.

పదిమందికి చెందినదియు, ఒకరి వాడుకచే మరియొకరికి తరుగునదియు నగు సంపదను ఉమ్మడి సంపద యందురు. చెరువునీరు, పచ్చికబయలు, అడవి యిట్టివి. యజమాని లేనందున అట్టి సంపద చెడక తప్పదని కొందరు తలంచిరి. అమెరికా దేశపు పండితురాలు ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో ప్రకటించిన గ్రంథమున ఈ మాటను కాదనెను. వాడుకొనువారే కూడి నియమములు చేసికొని, కాపలా యుంచి, తప్పినవారిని మొదట మెత్తగాను పిదప గట్టిగాను దండించినచో అది తరతరములు నిలువగలదని చూపెను. 2009లో ఆమెకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

చెత్తయు నిట్టిదే. వేరుచేసినచో కాగితము, గాజు, లోహము అమ్ముడుపోవును. కూరగాయల తొక్కలు ఎరువగును. ఒక్క ఇంటివారు ఎంగిలి కలిపినను బండిలోని కాగితమంతయు పాడగును. గుట్టగా పోసిన తడిచెత్త గాలి తగలక కుళ్లి మీథేన్ వాయువును, మురుగురసమును పుట్టించును. మన కర్ణాటకముననే బెంగుళూరు నగరము తన చెత్తను శివారునందలి మండూరునకు పంపెడిది. కంపును భరింపలేక గ్రామస్థులు 2014లో ఉద్యమింపగా, ఆ యేటి చివర అచట చెత్త వేయుట మానిరి. నగరమున ఇంటింట జరిగిన పొరపాటును పల్లె అనుభవించినది.

దీనికి మార్గము లేకపోలేదు. పుణె నగరమున చెత్త ఏరుకొని బ్రదుకువారు 1993లో ఒక సంఘముగా నేర్పడిరి. వీరిలో స్త్రీలే హెచ్చు. 2008లో వారే సభ్యులుగా “స్వచ్ఛ్” అను సహకార సంఘము నగరపాలికతో ఒడంబడిక చేసికొని, ఇంటింట వేరుచేసిన చెత్తను గైకొన మొదలిడెను. ఇంటివారు నెలకింత రుసుమిత్తురు. పొడిచెత్త అమ్మగా వచ్చిన సొమ్ము కార్మికులకు చెందును. కుప్పలలో చేతులు పెట్టినవారికి హక్కును, గౌరవమును కలిగినవి.

మేమును చాలకాలము చింపిన కాగితములను, ఎంగిలిని ఒకే తొట్టిలో వేసినవారమే. తప్పు తెలిసినది గనుక మీకు చెప్పుచున్నాము. తల్లిదండ్రులారా! ఇంట మనది తెలుగు, వీధిలో కన్నడము, తమిళము, ఉర్దూ. చెత్తబుట్టకు మాత్రము భాష లేదు. పొరుగువారితో కూడి నియమము చేసికొనుడు.

అభ్యాసము: మీ ఇంటి తడిచెత్తను, పొడిచెత్తను ఏడు దినములు వేరుగా తూచి వ్రాయుడు. అందు నిజముగా పారవేయదగినది ఎంత?