పాఠం 7 : వాక్యంలో పదాల చోటు – అన్వయ దోషాలు

7.1 పరిచయం

ఈ వాక్యం చదవండి.

“ఓడ నుంచి చూస్తూ సెల్యులార్ జైలు కనిపించింది.”

ఇందులో అక్షరదోషం లేదు. అర్థమైనట్లే ఉంటుంది. కాని ఓడ నుంచి చూసింది ఎవరు? వాక్యంలో ఉన్న కర్త ‘జైలు’ ఒక్కటే. అంటే జైలే ఓడెక్కి చూసిందన్నమాట! ఇలా ఒక పదం అతకవలసిన చోట అతకక అర్థం చెడితే దాన్ని అన్వయ దోషం అంటాం.

అండమాన్ దీవులలోని తెలుగువారికి ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, ఆఫీసు కాగితాలలో ఇంగ్లీషు అవసరమవుతాయి. ఒక భాషలోని పదాల వరుసను మరొక భాషలోకి యథాతథంగా తెచ్చినప్పుడు ఈ దోషాలు ఎక్కువగా దొర్లుతాయి.

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• అన్వయ దోషాన్ని గుర్తించగలుగుతారు.
• దోషం ఉన్న వాక్యాన్ని సరిదిద్దగలుగుతారు.

7.2 అసమాపక క్రియకు కర్త ఎవరు?

‘చూస్తూ’, ‘వెళ్లి’ వంటి అసమాపక క్రియలకు, వాక్యం చివరి సమాపక క్రియకు సాధారణంగా కర్త ఒక్కటే ఉండాలి. కర్తలు వేరైతే క్రియారూపం మార్చాలి.

దోషం : ఓడ నుంచి చూస్తూ సెల్యులార్ జైలు కనిపించింది.
సవరణ : మేము ఓడ నుంచి చూస్తూ ఉండగా సెల్యులార్ జైలు కనిపించింది.

దోషం : 1942లో జపాన్ సైన్యం అండమాన్‌ను ఆక్రమించి అక్కడ బ్రిటిష్ పాలన తాత్కాలికంగా ముగిసింది.
సవరణ : 1942లో జపాన్ సైన్యం అండమాన్‌ను ఆక్రమించడంతో అక్కడ బ్రిటిష్ పాలన తాత్కాలికంగా ముగిసింది.

గమనిక : “వర్షం కురిసి చెరువు నిండింది” వంటి వాక్యాలలో కర్తలు వేరైనా దోషం లేదు. మొదటి పని కారణం, రెండవది దాని ఫలితం. ప్రకృతిలో తమంతట తాము జరిగే పనులకు ఇలాంటి వాడుక ఉంది.

7.3 విశేషణం ఎవరికి చెందుతుంది?

తెలుగులో విశేషణం నామవాచకానికి ముందు వస్తుంది. రెండు నామవాచకాలు వెంటవెంటనే ఉంటే చదివేవారు దాన్ని మొదటిదానికే అతికిస్తారు.

“అండమాన్‌లో ద్వీపాంతర శిక్ష అనుభవించిన అల్లూరి సీతారామరాజు అనుచరులను స్మరించుకుందాం.”

ఇది చదివినవారు సీతారామరాజే అండమాన్‌లో శిక్ష అనుభవించాడని అనుకోవచ్చు. అది నిజం కాదు. 1924 మే 7న కొయ్యూరులో ఆయనను కాల్చి చంపారు. 1922–24 నాటి రంప పోరాటంలో పాల్గొన్న ఆయన అనుచరులలో కొందరిని మాత్రం అండమాన్‌కు పంపారు. ఒక్క విశేషణం చోటు తప్పితే చరిత్రే తారుమారవుతుంది.

సవరణ : అల్లూరి సీతారామరాజు అనుచరులలో అండమాన్‌లో ద్వీపాంతర శిక్ష అనుభవించినవారిని స్మరించుకుందాం.

7.4 ‘మాత్రమే’ ఎక్కడ ఉండాలి?

‘మాత్రమే’ అనే మాట తనకు ముందున్న పదాన్ని పరిమితం చేస్తుంది. ఈ రెండు వాక్యాలను పోల్చండి.

(అ) విశాఖపట్నం నుంచి మాత్రమే పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ వెళ్తుంది.
(ఆ) విశాఖపట్నం నుంచి ఈ ఓడ పోర్ట్ బ్లెయిర్‌కు మాత్రమే వెళ్తుంది.

(అ) ప్రకారం ఇంకెక్కడి నుంచీ ఓడ లేదు. ఇది తప్పు; చెన్నై, కోల్‌కతాల నుంచి కూడా ఓడలు ఉన్నాయి. (ఆ) ప్రకారం ఈ ఓడ వేరే రేవుకు వెళ్లదు. (పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు.)

7.5 హెచ్చరికలు రాసేటప్పుడు

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ అండమాన్ నికోబార్ దీవులలో ఎందరినో బలి తీసుకుంది. సునామీ ఒక్క అలతో ఆగదు. మొదటి అల తరువాత మరికొన్ని రావచ్చు. అటువంటి సమయంలో ఈ ప్రకటన చూశారనుకోండి.

“అధికారులు చెప్పినట్లు ఇళ్లకు తిరిగి వెళ్లవద్దు.”

వెళ్లవద్దని అధికారులే చెప్పారా? లేక వాళ్లు వెళ్లమన్నా వెళ్లవద్దా? ‘చెప్పినట్లు’ అనే మాట ‘వెళ్ల’ వరకే అతుకుతుందో, ‘వెళ్లవద్దు’ మొత్తానికి అతుకుతుందో తెలియదు. ప్రాణాలకు సంబంధించిన మాటలో ఈ సందేహం ఉండకూడదు.

సవరణ : ఇళ్లకు తిరిగి వెళ్లవద్దు. ఇది అధికారుల ఆదేశం.

పొడుగు వాక్యాన్ని రెండుగా విడగొట్టడం తరచు అన్నిటికంటె మంచి సవరణ.

పాఠ్యగత ప్రశ్నలు

కింది వాక్యాలను సరిదిద్దండి.
1. మూడు రోజులు ప్రయాణం చేసి దీవి కనిపించింది.
2. తడిసిన విద్యార్థుల దరఖాస్తులను ఎండబెట్టారు.
3. డాక్టరు చెప్పినట్లు ఈ మందు పరగడుపున వేసుకోవద్దు. (రెండు అర్థాలనూ విడివిడిగా రాయండి.)

7.6 సారాంశం

వాక్యం రాసిన తరువాత మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పని ఎవరు చేశారు? ఈ విశేషణం ఎవరికి చెందుతుంది? ఈ మాట ఏ పదానికి అతుకుతుంది? మీ మనసులోని అర్థం మీకు తెలుసు. చదివేవారికి తెలిసేది కాగితం మీద ఉన్నదే. అందుచేత ఒకసారి కొత్తవారిలా చదివి చూడండి.

సమాధానాలు

1. మూడు రోజులు ప్రయాణం చేసిన తరువాత మాకు దీవి కనిపించింది.
2. విద్యార్థుల తడిసిన దరఖాస్తులను ఎండబెట్టారు.
3. (అ) ఈ మందు పరగడుపున వేసుకోవద్దని డాక్టరు చెప్పారు. (ఆ) ఈ మందు పరగడుపున వేసుకోమని డాక్టరు చెప్పినా, అలా వేసుకోవద్దు.