ఒక నగరం – మూడు స్టేషన్లు

వరంగల్లు నుంచి కర్నూలుకు వెళ్లవలసిన ఒక విద్యార్థిని ప్రయాణాన్ని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. మరునాటి ఉదయం పది గంటలకు కర్నూలులోని ఒక కళాశాలలో ఆమె ధ్రువపత్రాల పరిశీలనకు హాజరు కావాలి. తోడుగా అమ్మమ్మ బయలుదేరింది. రాత్రికి బంధువుల ఇంట బస. చేతిలో రెండు టికెట్లున్నాయి. మొదటిది వరంగల్లు నుంచి సికింద్రాబాదు వరకు. రెండవది కాచిగూడ నుంచి కర్నూలు వరకు. మొదటి రైలు సాయంత్రం ఐదు గంటలకు చేరుతుంది, రెండవది ఏడు గంటలకు బయలుదేరుతుంది. కాగితం మీద రెండు గంటల వ్యవధి ఉన్నది. కాని మొదటి రైలు యాభై నిమిషాలు ఆలస్యమైంది. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టేసరికి మిగిలింది డెబ్బై నిమిషాలే.

“ఇంకేమున్నది, దిగి అవతలి బండి ఎక్కుడే కద?” అన్నది అమ్మమ్మ.

“కాదమ్మమ్మా, ఆ బండి కాచిగూడలో ఎక్కాలి.”

“కాచిగూడ గూడ పట్నంలనే ఉన్నది కద బిడ్డా!”

అమ్మమ్మ మాటలో తప్పు లేదు. ఊరివారికి పట్నం ఒక్కటే. రైలు మార్గాలకు మాత్రం అది ఏనాడూ ఒక్కటి కాదు. సికింద్రాబాదు, నాంపల్లి, కాచిగూడ అనే మూడు స్టేషన్లు మూడు వేర్వేరు అవసరాల కోసం, వేర్వేరు కాలాల్లో ఏర్పడ్డాయి. వాటి నడుమ మిగిలిపోయిన దూరాన్ని పూడ్చే పని ప్రయాణికుని భుజాల మీద పడింది.

ఈ దూరానికి మూలం పందొమ్మిదవ శతాబ్దిలో ఉన్నది. బొంబాయి, మద్రాసు నగరాలను కలిపే రైలు మార్గం 1871 నాటికి పూర్తయింది. అది హైదరాబాదుకు రాలేదు. నేటి కర్ణాటకలోని వాడి మీదుగా సాగిపోయింది. నిజాం రాజ్యం ఆ మార్గాన్ని అందుకొనడానికి వాడి నుంచి సికింద్రాబాదు వరకు సొంతంగా ఒక మార్గం వేయించుకొన్నది. 1874లో దాని మీద రైళ్లు నడవడం మొదలైంది. సికింద్రాబాదు బ్రిటిషు సైన్యపు దండు ఉన్న ఊరు. ఆ మార్గమే తూర్పుగా సాగి 1889లో బెజవాడను చేరింది. ఈ విధంగా సికింద్రాబాదు తూర్పు పడమరలను కలిపే కూడలి అయింది.

నిజాం రాజధాని మాత్రం హుస్సేన్‌సాగరానికి దక్షిణాన ఉన్నది. బేగంపేట వద్ద ప్రధాన మార్గం నుంచి చీలి, చెరువు పక్కగా ఖైరతాబాదు, లక్డీకాపూల్ దాటి నగరంలోకి వచ్చిన పట్టాలు నాంపల్లి వద్ద ఆగిపోయాయి. అక్కడి స్టేషను 1907 నాటిది. నాంపల్లి చివరి మజిలీ. దాని అవతలకు పట్టాలు లేవు. ఏ రైలైనా వచ్చిన దారినే వెనుదిరగాలి. నేటికీ టికెట్ల మీద ‘హైదరాబాదు’ అని అచ్చయ్యేది ఈ స్టేషను పేరే. కొత్తవారు పొరబడేది ఎక్కువగా ఇక్కడే. నగరమంతా హైదరాబాదే అయినప్పుడు టికెట్టు మీది హైదరాబాదు ఏ స్టేషనో చెప్పే మాట ఆ కాగితం మీద వేరుగా ఉండదు.

మూడవదైన కాచిగూడ కథ వేరు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో హైదరాబాదు నుంచి గోదావరి లోయ మీదుగా మన్మాడు వరకు మరొక మార్గం వచ్చింది. అది మీటరు గేజి. అంటే రెండు పట్టాల నడుమ దూరం సరిగా 1,000 మిల్లీమీటర్లు. వాడి, బెజవాడ మార్గం బ్రాడ్ గేజి. దాని వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. ఒక గేజి మీద నడిచే బండి రెండవ దాని మీద నడవలేదు. అందువల్ల ఒకే నగరంలో రెండు రైల్వేలు పక్కపక్కనే ఉండి కూడా బండ్లు ఇచ్చిపుచ్చుకోలేని స్థితి ఏర్పడింది. మీటరు గేజి బండ్లకు ముఖ్య స్థానంగా 1916లో కాచిగూడ స్టేషను వెలసింది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో కట్టిన ఆ భవనం గుమ్మటాలతో, మినార్లతో నేటికీ చూపరులను ఆకట్టుకొంటున్నది.

1992లో భారతీయ రైల్వే దేశమంతటా ఒకే గేజి ఉండాలన్న కార్యక్రమాన్ని చేపట్టింది. ఆ తరువాత కాచిగూడ మీదుగా వెళ్లే మహబూబ్‌నగర్, కర్నూలు మార్గమూ, నిజామాబాదు మార్గమూ బ్రాడ్ గేజిగా మారాయి. పట్టాల భేదం పోయింది. స్టేషన్ల భేదం పోలేదు. దక్షిణ మధ్య రైల్వేలో సికింద్రాబాదు, నాంపల్లి స్టేషన్లు ఒక డివిజను కిందికి, కాచిగూడ మరొక డివిజను కిందికి వస్తాయి. గేజి మారినా పాత సరిహద్దు జాడ అలాగే ఉన్నది.

పటాన్ని ముందు పెట్టుకొని చూస్తే మరొక విచిత్రం కనబడుతుంది. కాచిగూడకూ నాంపల్లికీ నడుమ రోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లకు మించి ఉండదు. పట్టాల మీద వెళ్లాలంటే కాచిగూడ నుంచి ఉత్తరంగా సికింద్రాబాదు చేరి, అక్కడి నుంచి పడమరగా బేగంపేటకు పోయి, మళ్లీ దక్షిణంగా నాంపల్లికి దిగాలి. పదిహేను కిలోమీటర్లకు పైబడిన చుట్టు! రెండు స్టేషన్లూ ఒక లాడం రెండు కొసల వలె ఎదురెదురుగా ఉన్నాయి. లాడం కొసల నడుమ ఉన్న ఖాళీయే నగరపు నడిబొడ్డు. కనుక ఈ రెండింటి మధ్య మారవలసిన వారికి రోడ్డు మార్గమే శరణ్యం. సికింద్రాబాదుకూ కాచిగూడకూ నడుమ మారవలసిన వారికి మాత్రం రైలు ఉత్తమం. ఏ రెండు స్టేషన్ల నడుమ మారుతున్నామన్నది తెలియకుండా ‘మెట్రో మంచిదా, ఆటో మంచిదా’ అని అడిగితే సరైన సమాధానం దొరకదు.

పాత పట్టాలనే నగర ప్రయాణానికి వాడుకొనే ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు 2003 ఆగస్టు 9న మొదలయ్యాయి. సికింద్రాబాదు నుంచి ఫలక్‌నుమా వైపు వెళ్లే బండి సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజి, జామై ఉస్మానియా, విద్యానగర్ దాటి ఐదవ మజిలీగా కాచిగూడ చేరుతుంది. ఛార్జీ స్వల్పం. రోడ్డు మీది రద్దీతో దానికి నిమిత్తం లేదు. లోపమల్లా అది మెట్రో వలె కొద్ది నిమిషాలకొకటి చొప్పున రాదు. వేళ తెలుసుకోకుండా దానిని నమ్ముకొన్నవారు ఖాళీ ప్లాట్‌ఫారం మీద నిలబడి దూరపు బండిని పోగొట్టుకొనే ప్రమాదమున్నది.

మెట్రో 2017 నవంబరులో నగరంలోకి వచ్చింది. సికింద్రాబాదు స్టేషనుకు సమీపంగా తూర్పున ఒకటి, పడమర ఒకటి మెట్రో స్టేషన్లున్నాయి. పడమటి దానిలో ఎక్కి మహాత్మాగాంధీ బస్ స్టేషను వద్ద మార్గం మారితే మూడవ స్టేషను నాంపల్లి. ఈ మార్గం 2020 ఫిబ్రవరిలో పూర్తయింది. కాచిగూడ ముంగిట మాత్రం మెట్రో లేదు. మెట్రోలో సామాను తనిఖీ యంత్రం గుండా పంపాలి, మెట్లో ఎస్కలేటరో ఎక్కాలి, మార్గం మారేచోట మళ్లీ నడవాలి. చేతిసంచితో వెళ్లే యువకునికి ఇది లెక్కలోనిది కాదు. బియ్యపు మూట, పచ్చడి జాడీ, మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఇదే అసలు ప్రయాణం. రైల్వే పట్టికలో రాకకు ఒక గడి, పోకకు ఒక గడి ఉంటాయి. ఆ రెండింటి నడుమ మనిషి పడే పాటుకు ఏ పట్టికలోనూ గడి లేదు.

ఇది ఒక్క హైదరాబాదు కథ కాదు. విజయవాడ వైపు నుంచి రామేశ్వర యాత్రకు వెళ్లే తెలుగువారికి చెన్నైలో ఇదే అనుభవం తరతరాలుగా ఉన్నది. 1873 నాటి సెంట్రల్ స్టేషనులో బ్రాడ్ గేజి బండి దిగడం, మూటలతో రోడ్డెక్కడం, 1908లో కట్టిన ఎగ్మూరులో మీటరు గేజి బండి ఎక్కడం ఆనాటి యాత్రలో ఒక ఘట్టం. ఎగ్మూరు మీదుగా వెళ్లే మార్గాలూ బ్రాడ్ గేజిగా మారినా, ఉత్తరపు బండ్లు చాలావరకు సెంట్రల్‌కు రావడం, దక్షిణపు బండ్లు ఎక్కువగా ఎగ్మూరు నుంచి బయలుదేరడం అనే అలవాటు పోలేదు. ఐతే 2018 మే నుంచి ఆ రెండింటి నడుమ మెట్రోలో ఒక్క మజిలీ దూరం. కలకత్తాలో నడుమ ఉన్నది రోడ్డు కాదు, హుగ్లీ నది. విశాఖపట్నం నుంచి వెళ్లి పడమటి ఒడ్డున హౌరాలో దిగినవారు డార్జిలింగు వైపు బండి కోసం తూర్పు ఒడ్డునున్న సియాల్దాకు పోవాలంటే హౌరా వంతెన మీది రద్దీని దాటవలసి వచ్చేది. నది అడుగున వేసిన మెట్రో 2025 ఆగస్టులో ఆ రెండు స్టేషన్లనూ నేరుగా కలిపింది. ఇప్పుడు ఆ ప్రయాణానికి పావుగంట చాలు.

లండనులో ఈ చిక్కు మరీ ముందుగా వచ్చింది. నగర మధ్యంలోకి రైల్వేలను రానివ్వరాదని 1846లో అక్కడి రాయల్ కమిషను అభిప్రాయపడటంతో చాలా కంపెనీల స్టేషన్లు ఊరి అంచులలోనే నిలిచిపోయాయి. వాటిలో కొన్నింటిని కలుపుతూ 1863 జనవరిలో ప్రపంచంలోనే మొదటి భూగర్భ రైలు నడిచింది.

హైదరాబాదులో మూడు స్టేషన్లతో లెక్క ముగియలేదు. నగరపు తూర్పు అంచున చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. సికింద్రాబాదు స్టేషను పునర్నిర్మాణం సాగుతుండగా కొన్ని రైళ్లు అటు మళ్లాయి. అందువల్ల నిరుటి అనుభవాన్ని నమ్ముకొని ఇంటినుంచి బయలుదేరడం క్షేమం కాదు. టికెట్టు మీది స్టేషను పేరును అక్షరం అక్షరం చదవాలి. రెండవ బండి ఎక్కడెక్కడ ఆగుతుందో కూడా ముందే చూడాలి. నాంపల్లిలో బయలుదేరి తూర్పుకు పోయే రైళ్లలో అనేకం సికింద్రాబాదులో ఆగుతాయి. సికింద్రాబాదులో దిగినవారు అటువంటి బండి కోసం నాంపల్లి వరకు పోనక్కరలేదు. రిజర్వేషను చేసేటప్పుడే ఎక్కే స్టేషనుగా సికింద్రాబాదును రాయిస్తే చాలు. అర్ధరాత్రి దాటగానే రైల్వేలో తేదీ మారుతుందన్నదీ మరువరాదు. పన్నెండవ తేదీ రాత్రి 12 గంటల 10 నిమిషాల బండి అంటే పదకొండవ తేదీ రాత్రి భోజనం చేసి బయలుదేరవలసిన బండి. ఈ ఒక్క పొరపాటుతో ఒక రోజు ఆలస్యంగా స్టేషనుకు చేరినవారున్నారు.

విద్యార్థిని ఇవేవీ ఆనాడు ఆలోచించే తీరికలో లేదు. బయట ఆటోలు బారులు తీరి ఉన్నాయి. సాయంత్రపు రద్దీలో ఎంతసేపు పడుతుందని అడిగితే ఒకరు అరగంట అన్నారు, ఇంకొకరు గంట అన్నారు. ఆమె వెనుదిరిగి విచారణ కిటికీ వద్దకు వెళ్లింది. ఫలక్‌నుమా బండి ఆరు గంటల పదిహేను నిమిషాలకు ఉందని చెప్పారు. టికెట్లు కొని వచ్చేసరికి అమ్మమ్మ వంతెన మెట్ల వైపు చూస్తూ నిలబడి ఉన్నది.

“ఇవన్ని ఎక్కాల్నా?”

“మెల్లగా ఎక్కుదాం అమ్మమ్మా. మూటలు నేను తెస్తా. ఇంకా టైమున్నది.”

రెండు విడతలుగా ఆమె మూటలను వంతెన దాటించింది. మొదట ఒక మూటను దాటించి, తెలిసిన వారెవరూ లేక ఒక కుటుంబం పక్కన ఉంచి, మళ్లీ వెనక్కు వచ్చింది. ధ్రువపత్రాల సంచిని మాత్రం మెడకు తగిలించుకొన్నది. బండి ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. విద్యానగర్ దాటేవరకు ఆమె గడియారం చూడటం మానలేదు.

కాచిగూడలో దిగేసరికి ఆరు గంటల నలభై ఐదు నిమిషాలైంది. దీపాల వెలుతురులో గుమ్మటాలను తల ఎత్తి చూసిన అమ్మమ్మ, “ఇది స్టేషనా బిడ్డా, కోటనా?” అన్నది. విద్యార్థిని చెప్పబోయి ఆగింది. కర్నూలు బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నదో మైకులో చెబుతున్నారు.