సముద్రం దాటేది పైసలే

కోదాడ చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. డల్లాస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ పాత శిష్యులు ఫోన్ చేస్తుంటారు. యోగక్షేమాలయ్యాక చాలామంది అడిగేది ఒకటే: "సార్, నాలుగు పైసలు మిగిలినయి. మన ఊరికి పంపాల్నా, ఈడి పేదోళ్లకు ఇయ్యాల్నా, లేకుంటే ఆఫ్రికాలో ఆకలితోటి ఉన్నోళ్లకా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గింది. అందుకని నాకు తెలిసింది ఇక్కడ రాసిపెడుతున్నా.

1. "ఇంట గెలిచి రచ్చ గెలవాలి" అని అడ్డం పడేవాళ్లను, ఇంట ఏం గెలిచావని అడగండి. 2001లో కచ్ భూకంపానికి బడిలో చందా ఎత్తితే "మన దగ్గర పేదలు లేరా?" అన్న పెద్దమనుషులు, ఆ ఏడాది మా ఊళ్లో ఒక్క పిల్లవాడి పరీక్ష ఫీజు కూడా కట్టలేదు. కట్టినవాళ్లు కచ్‌కు ఇచ్చినవాళ్లే.

2. బయటి పేదరికం మన గడపలోకి ఎప్పుడో వచ్చింది. 1967 ఆగస్టులో సాగర్ నీళ్లు కాలువల్లోకి వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల్లో వరి పండింది, వరి వెంట మిల్లులు లేచాయి. ఇప్పుడు ఆ మిల్లుల్లో బస్తా ఎత్తేది ఎక్కువగా బీహార్ హమాలీలు. 2020 లాక్‌డౌన్‌లో దేశమంతా వలస కూలీలను రైళ్లెక్కించి సొంతూళ్లకు పంపుతుంటే, మే 8న ఒక రైలు ఎదురు దిశలో వచ్చింది. బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా మిల్లు కూలీలతో లింగంపల్లిలో ఆగింది. ప్రభుత్వ పెద్దలే వెళ్లి పూలిచ్చి స్వాగతం పలికారు. వాళ్లు లేకపోతే యాసంగి వడ్లు మిల్లు దాటవు మరి!

ఆ ఖగడియా కుర్రాడు మనవాడా, పరాయివాడా? డల్లాస్‌లో మా శిష్యుడు చేసే పనే అతనూ చేస్తున్నాడు, సంపాదించింది ఇంటికి పంపుతున్నాడు. కాకపోతే ఈ ఖగడియా కుర్రాడికి ఇక్కడ ఓటు లేదు, కాబట్టి ఇతని షెడ్డు ముందు ఏ నాయకుడి కారూ ఆగదు. రేషన్ కార్డు బీహార్‌లో ఉంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ వచ్చింది కదా, ఆ కార్డు మీద ఇక్కడే బియ్యం తీసుకోవచ్చు. కానీ ఆ మాట అతనికి హిందీలో చెప్పి, డీలర్ దగ్గరికి వెంట వెళ్లేదెవరు? దీనికి డాలర్లు అక్కర్లేదు, ఒక పూట తీరిక కావాలి.

3. కొన్ని బాధలకు పైసలు కావాలి, కొన్నిటికి నోరు కావాలి. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే.

ఉమ్మడి నల్లగొండలో ఫ్లోరైడ్ సంగతి తెలియనివాళ్లు లేరు. పచ్చబారిన పళ్లు, వంగిన నడుములు, వంకర కాళ్లు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మర్రిగూడ, మునుగోడు వైపు బోర్ల నీళ్లు ఆ హద్దును ఏనాడో దాటేశాయి. ఫిల్టర్లిచ్చిన దాతలున్నారు, వాళ్లను తప్పుపట్టను. కానీ జిల్లా దాహం ఫిల్టర్లతో తీరేది కాదు, నది నుంచి నీళ్లు రావాలి. నది కదలాలంటే సర్కారు కదలాలి.

అలా సర్కారును కదిలించాలనే మోతె మండలం రాఘవాపురానికి చెందిన దుశ్చర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదిలి జల సాధన సమితి పెట్టారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి నిరసనగా నామినేషన్లు కుప్పలుగా వేయించారు. చివరికి బరిలో మిగిలింది 480 మంది. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. గెలిచింది ధర్మభిక్షం గారైనా, దేశమంతా మాట్లాడుకున్నది నల్లగొండ నీళ్ల గురించి. పార్లమెంటు కూడా స్పందించింది లెండి: లోక్‌సభకు పోటీచేసే జనరల్ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది! దాహం కన్నా బ్యాలెట్ బరువే ముందు కనిపించిందన్నమాట. అయినా ఆ గోల ఊరికే పోలేదు. కృష్ణా నీళ్ల పథకాలు ఒక్కొక్కటిగా వచ్చాయి, తర్వాత మిషన్ భగీరథ వచ్చింది.

ఆ నామినేషన్లు డల్లాస్ నుంచి వేయగలిగేవి కావు. పైసలు సముద్రం దాటి వస్తాయి. ఎమ్మార్వో ఆఫీసు ముందు నిలబడి అడిగే మనిషి రాడు. అందుకని పంపే ముందు, ఈ కష్టం పైసలతో తీరేదా, అడిగి సాధించుకోవాల్సిందా అని చూసుకోండి. ఆపరేషన్, కాలేజీ ఫీజు, హాస్టల్ ఖర్చు మొదటి రకం. కూలి రేటు, పట్టా, తాగునీరు రెండో రకం.

4. కమాన్ కట్టించొద్దు. నాన్న పేరు మీద ఊరి మొదట్లో కట్టే ఆ కమాన్ కింద నుంచే, ఊళ్లో పని దొరకని కూలీల ఆటోలు మునగాల వైపు పోతుంటాయి.

5. సింగర్ అనే తత్వవేత్త 1972లో ఒక వ్యాసం అచ్చేశాడు. బెంగాల్ శరణార్థులు ఆకలితో చచ్చిపోతున్న రోజుల్లో రాసింది. కళ్లముందు మునిగిపోయే పిల్లనూ, వేల మైళ్ల అవతలి పిల్లనూ వేరుగా చూడొద్దంటాడు. సగం ఒప్పుకుంటా. దూరం బాధ్యతను తగ్గించదు, నిజమే. కానీ దూరం వల్ల లెక్క అడగడం కష్టమవుతుంది. మా పక్క ఊరికి అమెరికా పిల్లలు నీళ్ల ప్లాంటు పెట్టించారు. రిబ్బన్ కత్తిరించడానికి వందమంది వచ్చారు, వడపోత పొర మార్చాల్సి వచ్చేసరికి ఎవరూ లేరు, తాళం పడింది. మూడో ఏడు ఖర్చెవరిదో తేలనిదే మొదటి ఏడు చెక్కు రాయకండి. ఆఫ్రికాకు పంపినా ఇదే లెక్క.

6. చట్టం చూసుకోండి. భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా ఇక్కడి సంస్థకు పంపితే విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నారా, అదే డబ్బు విదేశీ విరాళమైపోతుంది. అప్పుడు పుచ్చుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ఖాతాలోనే పడాలి, ఇంకో సంస్థకు మళ్లించడానికి లేదు. ఊరి యువజన సంఘం ఖాతాకు వేసేసి చేతులు దులుపుకుంటే, చిక్కుల్లో పడేది ఆ పిల్లలే.

7. మీరున్నచోట పేదలకు మీ శనివారాలు ఇవ్వండి. డల్లాస్‌లో అన్నం పంచేచోట నిలబడే చేతుల్ని కోదాడకు పంపలేరు కదా. డబ్బు మాత్రం ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది, అది ఇటు పంపండి.

8. ఈమధ్య నలుగురైదుగురు శిష్యులకు ఒక పని అప్పజెప్పా. మిర్యాలగూడ మిల్లుల దగ్గర కొందరు హమాలీలు పెళ్లాం పిల్లలతో ఉంటున్నారు. ఆ పిల్లలకు తెలుగు బడి అర్థం కాదు. హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి తెచ్చే టీచరమ్మ కావాలి. జీతం ఆ శిష్యులు పంపుతామన్నారు. షెడ్డులో చోటు కోసం మిల్లు యజమానిని ఒప్పించడం, టీచరును వెతకడం నా వంతు. చోటు దొరికింది. టీచరు కోసం సూర్యాపేట దాకా వాకబు చేస్తున్నా, ఎవరైనా తెలిస్తే చెప్పండి.