పుట్టబోయే బిడ్డకూ రక్ష ఈ టీకా

ఏ.ఎన్.ఎం.గా పల్లెల్లో టీకాలు వేస్తూనే రిటైరయ్యాను. రుబెల్లా విషయంలో ఆ పని నాకు నేర్పినవి కొత్తగా తల్లిదండ్రులైనవాళ్ళకు, పెళ్ళీడు ఆడపిల్లలకు చెప్పాలనిపించింది.

1. చిన్న జ్వరమే కదా అనుకోవద్దు. పిల్లలకు ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది. ముఖం మీద మొదలై ఒంటినిండా సన్నటి ఎర్ర దద్దుర్లు లేస్తాయి. చెవుల వెనక బిళ్ళలు కడతాయి. మూడు రోజుల్లో దద్దుర్లు తగ్గిపోతాయి. వేడి చేసిందనుకుని ఇంట్లోవాళ్ళు మరిచిపోతారు.

2. అసలు దెబ్బ కడుపులోని బిడ్డకు. నెల తప్పిన తొలి వారాల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డకు చేరే ప్రమాదం 90 శాతం దాకా ఉంటుంది. గర్భం పోవచ్చు. బిడ్డ దక్కినా పుట్టుకతోనే కంట్లో శుక్లం, చెవుడు, గుండెజబ్బు రావచ్చు. 1941లో సిడ్నీ కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్, శుక్లాలతో పుట్టిన పసివాళ్ళ తల్లులకు గర్భంతో ఉన్నప్పుడు రుబెల్లా వచ్చిందని గుర్తించాకే ఈ సంగతి లోకానికి తెలిసింది.

3. దూరంగా ఉండి తప్పించుకోలేం. దగ్గు, తుమ్ము తుంపర్లతో అంటుకుంటుంది. దద్దుర్లు రావడానికి వారం ముందు నుంచే ఇతరులకు సోకుతుంది. చాలామందికి దద్దుర్లే రావు. ఎవరికి ఉందో తెలియని జబ్బుకు టీకాయే అడ్డు.

4. రెండు డోసులూ పడాలి. తట్టుకూ రుబెల్లాకూ కలిపి వేసే ఎం.ఆర్. టీకా 9 నెలలు నిండగానే ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. సర్కారు కేంద్రాల్లో ఉచితం. మొదటిది వేయించి, బిడ్డ బాగానే ఉందని రెండోది వదిలేసేవాళ్ళే ఎక్కువగా నాకు ఎదురయ్యారు.

5. మగపిల్లలకూ వేయించండి. బడి నుంచి జబ్బు తెచ్చి గర్భిణి అయిన అమ్మకో, పిన్నికో, టీచరుకో అంటించేది ఆడపిల్లలే కానక్కర్లేదు. 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లో మొదలైన కార్యక్రమంలో 15 ఏళ్ళలోపు మగపిల్లలకూ ఆడపిల్లలకూ టీకా వేసింది అందుకే.

6. పెళ్ళికి ముందే చూసుకోండి. చిన్నప్పుడు టీకా పడిందో లేదో తెలియకపోతే డాక్టరును అడిగి వేయించుకోవాలి. ఆ తర్వాత నెల రోజులు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. గర్భిణులకు ఈ టీకా వేయరు. కాన్పయ్యాక వేయించుకోవచ్చు, బిడ్డకు పాలిస్తున్నా ఫరవాలేదు.

7. గర్భిణికి దద్దుర్లు కనిపిస్తే ఆలస్యం వద్దు. దద్దుర్లున్నవాళ్ళ దగ్గర మెలిగినా సరే, వెంటనే డాక్టరుకు చెప్పాలి. రుబెల్లా అవునో కాదో రక్తపరీక్షలో తేలుతుంది. వైరస్‌ను చంపే మందు మాత్రం లేదు.

టీకాలతోనే అమెరికా ఖండాలు 2015 నాటికి రుబెల్లాను తరిమేశాయి. మనమూ తరమగలం. మీ పిల్లల టీకా కార్డు ఇవాళే తీసి చూడండి. రెండో డోసు గడి ఖాళీగా ఉంటే మీ ఊరి ఏ.ఎన్.ఎం.ను కలవండి.