క్షౌరపుకత్తికి తుదిసాన: రాతిని ఎంచుకొను విధము



కొడవలికి, గొడ్డలికి, కత్తిపీటకు సాన పట్టుట రైతునకు క్రొత్త విద్య కాదు. అయినను స్వంతముగా క్షౌరపుకత్తి నుంచుకొని యింటనే గడ్డము గీచుకొను సభ్యులకు ఒక చిక్కు కలుగుచుండును. కొడవలికి చాలిన సాన యీ కత్తికి చాలదు. చూచుటకు వాదర పదునుగానే యుండును. చెంపపై పెట్టగానే వెండ్రుకను కోయుటకు మారుగా లాగును, చర్మము మండును. అంతట "తుదిసానకు మంచి రాయి యేది?" అను ప్రశ్న పుట్టును. రాయి పైన రాయి కొని ధనము పోగొట్టుకొనువారును, అదేపనిగా నూరి మంచి కత్తిని అరుగదీయువారును కలరు. కావున ఈ మాసపు పాఠమున దీనిని విచారింతము.

ముందుగా ఆరోగ్యమును గూర్చి యొక మాట. పూర్వము ఒకే కత్తితో ఊరివారి కెల్లరకును క్షౌరము జరుగుచుండెను. రక్త మంటిన కత్తివలన హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. అను వ్యాధిక్రిములు ఒకరి నుండి మరియొకరికి సోకగలవని వైద్యశాస్త్రము తెలుపుచున్నది. అందుచేతనే క్షౌరశాలలో మనిషి కొక క్రొత్త బ్లేడు మార్చుట సరియైన పద్ధతి. సానపట్టి వాడు కత్తి ఒక్కరి సొత్తుగా మాత్రమే యుండవలెను. తండ్రికొడుకులైనను ఒకే కత్తిని పంచుకొనరాదు.

కొడవలికిని, క్షౌరపుకత్తికిని గల భేదము

వరికోత కొడవలికి కమ్మరి కక్కు కొట్టును. ఆ గరుకే దుబ్బును పట్టి కోయును. క్షౌరపుకత్తి కట్టి గరుకు పనికిరాదు. మనిషి వెండ్రుక మందము సుమారు 50 మొదలు 100 మైక్రానులు; మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఇంత సన్నని దానిని లాగక కోయవలెనన్న వాదరపై రాయి మిగిల్చిన గీతలు మిక్కిలి సన్నములై, లోతు లేనివై యుండవలెను. ముతకరాయి చేసిన లోతుగీతలను మాపి, వాదరను నునుపుచేయుటయే తుదిరాయి చేయు పని.

ఈ కత్తికి మరియొక విశేషము కలదు. దాని వెన్ను మందముగా నుండి, నడుమ పల్లము తీయబడి యుండును. వెన్నును వాదరను ఒక్కసారిగా రాతికి ఆనించినచో కోణము తనంతట తానే కుదురును. కొడవలికివలె చేతి అంచనాతో కోణము పట్టవలసిన పని లేదు. వెన్ను ఎత్తి నూరినవాడు కత్తిని చెరచుకొనును.

తుదిరాయి చేయలేని పని

మేము ముఖ్యముగా చెప్పదలచిన దొక్కటే: తుదిరాయి లేని పదునును పుట్టింపదు, ఉన్న పదునును మెరుగుపరచును. దమ్ము సరిగా పడని మడిలో ఎంత మంచి పలక తోలినను అడుగున గడ్డలు కరుగునా? పైబురద మాత్రము చదునై కన్పించును. సానయు నట్టిదే.

మొదట 1000 అంకె గల రాతిపై వాదర కిరుప్రక్కల ముఖములు ఒక్క గీతలో కలియువరకు నూరవలెను. ఇది పునాది. పిమ్మట 4000 లేక 5000, తరువాత 8000, ఆపైన తుదిరాయి. పునాది కుదిరినదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యిది: కత్తిని దీపము క్రింద వాదర పైకి వచ్చునట్లు పట్టి చూడుడు. ఎచ్చట తెల్లని మెరుపుగీత కన్పించునో అచ్చట వాదర మొద్దుబారి యున్నది. మెరుపు ఏమాత్రము లేక, ముంజేతి వెండ్రుకలను వాదర పొడవునను ఒకే తీరుగ కోసినచో పైమెట్టునకు పోవచ్చును. ఈ పరీక్ష తప్పిన కత్తిని తుదిరాతిపై వేయిమారులు త్రిప్పినను ప్రయోజన ముండదు.

రాళ్ల జాతులు

తుదిరాళ్లు స్వభావసిద్ధములనియు, కృత్రిమములనియు రెండు తెగలు.

స్వభావసిద్ధములలో బెల్జియము దేశపు ఆర్డెన్ కొండలయందు, వియెల్‌సాల్మ్ పరిసరమున దొరకు కోటిక్యూల్ అను లేతపసుపు రాయి పేరు పొందినది. ఇందు 5 మొదలు 15 మైక్రానుల గార్నెటు పలుకులు దట్టముగా నుండును. పలుకులు ఇంచుమించు గుండ్రన గుటచే గీత లోతుగా పడదు. పసుపుపొర పలుచన గనుక దానికి అడుగున వేరొక పలకరాతిని అతికి అమ్ముదురు. చిన్న రాతిముక్కతో దీనిపై నీరు పోసి రుద్దినచో చందనమువలె రాతిగంధము వచ్చును. గంధ మున్నప్పుడు వేగముగా కోయును. గంధము కడిగి వట్టినీటితో నూరినచో మెల్లగా, నునుపుగా పనిచేయును. కావున నడిమి పనిని, తుదిపనిని ఒక్క రాయియే చేయగలదు. అయినను ఇది భూమిలో పుట్టినది. ఏ రెండు ముక్కలును సరిగా ఒక్క తీరున ఉండవు.

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమున, వాషిటా కొండలలో నొవాకులైటు అను రాయి కలదు. ఇది దాదాపు పూర్తిగా సిలికా. మిక్కిలి గట్టిది, ఏండ్లు వాడినను అరుగుట స్వల్పము. తుదిసానకు నల్లనిది గాని, వెలుగు పారునది గాని కొనవలెను, తక్కువరకములు ముతకవి. నూనెతో వాడుట వాడుక. పని మిక్కిలి మెల్లన గనుక ఓరిమి లేనివారి కిది తగదు.

జపాను దేశమున క్యోటో నగరపు కొండలనుండి తీసిన రాళ్లకును గొప్ప కీర్తి కలదు. ఆ గనులలో అనేకములు మూతపడుటచే వెల హెచ్చు. గట్టిదానిని మెత్తనిదానిని కంటితో గుర్తించుట నేర్పరులకే చెల్లును. మొదటి రాయిగా దీనిని కొనవలదని మా సలహా.

ఇక కృత్రిమములు. 1893లో అమెరికాలో అచెసన్ అను నతడు సిలికాన్ కార్బైడును తయారుచేయు విధమునకు పేటెంటు పొందెను. మన యిండ్లలో కొడవళ్లకు వాడు కార్బొరండం రాయి ఆ పదార్థముతో చేసినదే. క్షౌరపుకత్తికి వాడు సన్నరాళ్లు ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడుతో చేయబడును. జపాను కొలత ప్రకారము 1000 రాతిపలుకు సుమారు 11 మైక్రానులు, 4000ది సుమారు 3, 8000ది ఒకటికి కొంచెము పైన. అంకె పెరిగినకొలది పలుకు సన్నమని గ్రహించునది. అయితే అమెరికా అంకెలు, ఐరోపా అంకెలు జపాను అంకెలతో సరిపోవు. కావున అంకె నొక్కదానినే చూచి రెండు దేశముల రాళ్లను పోల్చరాదు. కృత్రిమమునందలి గొప్ప సుగుణము నిలుకడ. ఒకే తయారీవారి ఒకే అంకె రాళ్లన్నియు ఒక్క తీరున పనిచేయును.

మన కడపబండ నల్లగా నున్నగా నుండును గదా, అది చాలదా యని కొంద రడుగవచ్చును. చాలదు. అది సున్నపురాతి జాతిది. ఖనిజముల గట్టితనమును 1 మొదలు 10 వరకు లెక్కించు కొలతలో అందలి ముఖ్యఖనిజము 3వ మెట్టున మాత్రమే యున్నది. గార్నెటు, సిలికా 7వ మెట్టు ప్రాంతమున నుండును. పదునుపెట్టిన ఉక్కు సున్నపురాతికంటె గట్టిది. రాయి నున్నగా నుండుట వేరు, ఉక్కును కోయుట వేరు.

కొనునప్పుడు చూడవలసినవి

1. రాయి పైతలము చదునుగా నుండవలెను. ఇనుపబద్ద నంచుతో ఆనించి వెలుతురునకు ఎదురుగా పట్టిన సందు కన్పింపరాదు.
2. పగుళ్లు, పైతలమునకు వచ్చిన గట్టిచారలు, ఇసుకపలుకులు ఉండరాదు. తడిగోటితో నిమిరి చూచిన గరుకు తగులును. ఒక్క పలుకు చాలును వాదరను విరుచుటకు.
3. వెడల్పు 3 అంగుళము లున్నచో అలకు పొడవంతయు ఒక్కసారి ఆనును. అంతకు ఇరుకైనదైనను పనికివచ్చును గాని, కత్తిని ఐమూలగా లాగుట నేర్వవలెను.
4. రాయి వాడుకచే నడుమ గుంటపడును. కృత్రిమరాళ్లకు ఇది త్వరగా కలుగును. పైతలమున పెన్సిలుతో గళ్లు గీచి, చదునైన మందపు గాజుపై తడి గరుకుకాగితము పరచి, గళ్లు మాయువరకు రుద్దవలెను. ఈ శ్రమకు సిద్ధపడియే రాయి కొనవలెను.

వాడు విధము

రాతిని తడిపి, కత్తి వెన్నును వాదరను సమముగా ఆనించి, వాదర ముందుగా నడచునట్లు త్రోయవలెను. చివర వెన్నును ఎత్తక, వెన్నుమీదుగా త్రిప్పి వెనుకకు తేవలెను. తుదిరాతిపై కత్తిబరువే చాలును. చేతి ఒత్తిడి కూడదు. పిమ్మట శుభ్రమైన తోలుపట్టెపై, ఈ మారు వెన్ను ముందుగా నడచునట్లు, 50 మారులు లాగవలెను. తోలుపై వాదర ముందు పోయినచో తోలు తెగును, వాదర చెడును.

తుదిపరీక్ష గడ్డమే. కత్తి యింకను లాగినచో తుదిరాతిని దూషింపక, ఒక మెట్టు దిగి 8000పై పరీక్షించుడు. అచ్చటను కుదరనిచో 1000కి దిగుడు. తప్పు క్రిందిమెట్టున నుండుటయే తరచు.

మా సలహా

ఒక్క కత్తి గలవారు మొదట 8000 అంకె గల కృత్రిమపు రాతిని, మంచి తోలుపట్టెను సమకూర్చుకొనిన చాలును. ఆరుమాసములు ఆ రాతితోనే నేర్చుకొని, అప్పటికిని చర్మము మరింత మెత్తదనము కోరినచో కోటిక్యూల్ వంటిదానిని ఆలోచింపవచ్చును. తెలియని పది రాళ్లకంటె తెలిసిన ఒక్క రాయి మేలు.

ముతక, నడిమి రాళ్ల అవసరము ఏడాదికి ఒకటి రెండుమారులు మాత్రమే. వానిని పదుగురు సభ్యులు కలసి కొని సంఘపు గదిలో నుంచుకొనినచో తలకు పడు వ్యయము స్వల్పము. ఉమ్మడిరాతిపై పెట్టుటకు ముందు కత్తిని సబ్బునీటితో కడిగి స్పిరిటుతో తుడువవలెను; పని ముగిసిన పిదప రాతిని కడుగవలెను. తుదిరాయి, తోలుపట్టె మాత్రము ఎవరివి వారికే యుండవలెను.

వాడిన కత్తిని పొడిగా తుడిచి, ఒక చుక్క నూనె రాసి, పిల్లల చేతి కందని చోట దాచుడు. సముద్రతీర గ్రామములలో ఒక్కరాత్రి తడియే వాదరకు త్రుప్పు తెచ్చును. ఆ త్రుప్పును పోగొట్టుటకు మరల పునాది రాతికి దిగవలసివచ్చును. అరిగిన ఉక్కు మరల రాదు.