ఆరు గంటలకు అయిదు ఆటలు

చిరంజీవి చిన్నోడికి,

నువ్వు పంపిన పెద్ద మెసేజ్ రెండుసార్లు చదివాను. వారానికి ఆరు గంటలే ఖాళీ దొరుకుతోందనీ, సేల్‌లో కొన్నవి నాలుగు, ఉచితంగా దించుకున్నది ఒకటి, మొత్తం అయిదు స్ట్రాటజీ గేమ్‌లు సగం సగం నేర్చుకుని ఏదీ పట్టుబడక చికాకుగా ఉందనీ రాశావు. ఇందులో ఏది పట్టుకోవాలో చెప్పమన్నావు. మీ నాన్నయితే అన్నీ తీసేసి పుస్తకం ముందేసుకోమంటాడు. నేనలా అనను. ఒక ఆటను శ్రద్ధగా, లోతుగా ఆడాలనుకోవడం మంచి కోరికే. ఇంజినీరింగు రెండో ఏడాదిలో వారానికి ఆరు గంటలు దానికి తీసిపెట్టడంలో తప్పేమీ లేదు. ఆ ఆరు గంటలూ అయిదు చోట్ల చెదిరిపోతున్నాయే, అది చూస్తే బాధనిపించింది.

ముందే చెప్పేస్తున్నాను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 పట్టుకో. ఒక ఏడాది అదొక్కటే ఆడు. ఎందుకో వివరంగా రాస్తాను, నచ్చకపోతే నాతో వాదించు.

ఈ అయిదింటిలో ఏది గొప్పదని అడిగితే నేను సమాధానం చెప్పలేను, చెప్పినా నీకు ఉపయోగపడదు. అయిదూ గొప్పవే. నువ్వు చూసుకోవాల్సింది నీ ఆరు గంటలు ఎలా వస్తున్నాయని. వారంలో మూడు రాత్రులు, మెస్ నుంచి వచ్చాక ఒక్కో గంట. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు. అంతేగదా? మధ్యలో ఇంటర్నల్స్ వస్తే రెండు వారాలు ఆట ముట్టవు. ఇలా ముక్కలుగా, ఖాళీలతో వచ్చే సమయంలో రెండు పనులు జరగాలి. కూర్చున్న పూటకే ఒక ఆట మొదలై పూర్తవ్వాలి. ఓడిపోతే ఎందుకు ఓడిపోయావో ఆ పూటే తెలియాలి. ఈ రెండూ లేని ఆట ఎంత గొప్పదైనా ఇప్పుడు నీకు పనికిరాదు.

నీకు అన్నిటికన్నా మోజున్నది యూరోపా యూనివర్సాలిస్ 5 మీదని మాటల్లోనే తెలుస్తోంది. ఆ మోజు నాకు అర్థమవుతుందిరా. దానికి ముందుది, 2013లో వచ్చిన నాలుగో భాగం, నేను ఆడాను. అది 1444 నవంబరులో మొదలవుతుంది. విజయనగరం ఎంచుకుంటే ఉత్తరాన బహమనీలు, తూర్పు తీరంలో గజపతుల ఒరిస్సా. మ్యాప్ తెరవగానే మన చరిత్ర పుస్తకంలోని పేర్లు కదలడం మొదలుపెడితే కలిగే ఆనందం ఇంకే ఆటలోనూ దొరకలేదు నాకు. 2025 నవంబరులో వచ్చిన ఈ కొత్త భాగం ఇంకా వెనక్కి, 1337కి వెళ్లింది. ఓరుగల్లు పడిపోయి పద్నాలుగేళ్లు, విజయనగరం పుట్టిందని చెప్పే 1336కి మరుసటి ఏడాది. తెలుగు పిల్లాడికి ఇంతకన్నా ఊరించే తేదీ ఏముంటుంది చెప్పు.

కానీ దాని నడక చూడు. శతాబ్దాల పాటు సాగే ఆట. రోజులు ఒక్కొక్కటిగా దొర్లుతుంటాయి, మనం ఆపుతూ నడుపుతూ పొత్తులు, వారసులు, అప్పులు, వర్తకం, సైన్యం అన్నీ చూసుకోవాలి. ఒక్క ఆట ముగియడానికి పదుల గంటలు పడుతుంది. నీ లెక్కన నెలలు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. వారం తర్వాత సేవ్ ఫైల్ తెరిస్తే ఎవరితో ఎందుకు పొత్తు పెట్టుకున్నావో, ఈ దళం ఈ సరిహద్దులో ఎందుకు నిలబడిందో గుర్తుండదు. మానేసి వెళ్లిపోయిన గుమాస్తా చిట్టాలు మన ముందు పెట్టినట్టుంటుంది. నీ గంటలో ఇరవై నిమిషాలు పాత ఆలోచన వెతుక్కోవడానికే సరిపోతుంది. ఓటమి సంగతి మరీ కష్టం. పదిహేనో గంటలో రాజ్యం కూలిందనుకో, దానికి కారణం నాలుగో గంటలో చేసుకున్న పెళ్లి సంబంధం కావచ్చు. కొత్తగా నేర్చుకునేవాడికి అది కనపడదు. ఆ ఆటను నీ చదువయ్యాక, చేతిలో ఒక పూర్తి నెల ఉన్నప్పుడు ఆడు. కొని రెండు వారాలు దాటకుండా, ఆడింది రెండు గంటలు మించకుండా ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది, చూసుకో. దాటిపోతే ఆ డబ్బు గురించి మర్చిపో. కొన్నాం కదా అని ఆడటం మొదలుపెడితే డబ్బుతో పాటు సమయమూ పోతుంది.

సివిలైజేషన్ 6 కొంచెం నయం. టర్న్‌ల ఆట కాబట్టి ఎక్కడైనా ఆపొచ్చు, హాస్టల్ వైఫై పడిపోయినా నడుస్తుంది. మామూలు వేగంలో 500 టర్న్‌లు, ఆన్‌లైన్ వేగం పెట్టుకుంటే 250. నా అనుభవంలో అసలైన నిర్ణయాలన్నీ మొదటి వంద టర్న్‌లలోనే ఉంటాయి. నగరాలు ఎక్కడ పెట్టాలి, పక్కవాడితో తగువా స్నేహమా, ఏ విజయం వైపు నడవాలి అన్నవి తేలిపోతాయి. ఆ తర్వాత చాలాభాగం నువ్వు ముందే తేల్చేసినదాన్ని గంటల తరబడి క్లిక్ చేసుకుంటూ పోవడం. పైగా ఇంకొక్క టర్న్, ఇంకొక్క టర్న్ అంటూ తెల్లవారుజాము దాకా లాగుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు ల్యాబ్ ఉన్నవాడికి అది మంచిది కాదు. సంక్రాంతి సెలవుల్లో చిన్న మ్యాప్, ఆన్‌లైన్ వేగం పెట్టుకుని ఒకటి ఆడు, చాలు. ఎక్స్‌కామ్ 2 అయితే ఒక్కో మిషన్ ఒక పూటకు సరిపోతుంది, అందుకు దాన్ని మెచ్చుకుంటాను. కానీ నీకు కావాల్సింది మనుషులతో పోటీ అని నువ్వే రాశావు, ఆ ఆట బలం కంప్యూటర్‌తో ఒంటరి పోరాటంలో ఉంది.

ఇక మిగిలినవి రెండు. ఇక్కడే నేను ఎక్కువ ఆలోచించాను.

స్టార్‌క్రాఫ్ట్ 2 గురించి నీ స్నేహితుడు చెప్పాడని నువ్వు రాసినదంతా నిజమే. ఆట పది, పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది. టెరాన్, జెర్గ్, ప్రోటోస్ అని మూడే జాతులు, కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది తక్కువ. 2017 నుంచి ఉచితం. కొరియావాళ్లే ఏలుతున్న ఆటలో 2018లో సెరల్ అనే ఫిన్లాండ్ కుర్రాడు ప్రపంచ ఫైనల్ గెలిచాడు. అంటే బయటివాళ్లకూ దారి ఉందన్నమాట. రోజూ అరగంట చొప్పున ఖాళీ దొరికే పిల్లాడు అడిగితే నేను ఈ ఆటే చెప్పేవాణ్ణి. నీ సంగతి వేరు. ఆ ఆట తెలివి సగం వేళ్లలో ఉంటుంది. అయిదారు సెకన్లు చూపు పక్కకు తిప్పితే సైన్యమంతా తుడిచిపెట్టుకుపోతుంది. వేళ్లకు అలవాటు రోజూ పడాలి. పరీక్షల కోసం రెండు వారాలు ఆపి తిరిగొస్తే, నీకు తెలిసిన ఎత్తులు కూడా చేతికి రావు. నీ బుర్ర ఎదగాల్సిన గంటలు పోయిన వేగాన్ని తిరిగి తెచ్చుకోవడంతోనే అయిపోతాయి.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లోనూ వేగం కావాలి, కాదనను. కానీ అందులో తెలుసుకున్నది చేతిని వదిలి అంత త్వరగా పోదు. 1999లో వచ్చిన ఆట. మా కాలంలో హైదరాబాద్ నెట్ సెంటర్లలో గంటకింత అని డబ్బు కట్టి ఆడేవాళ్లం. తయారుచేసిన ఎన్సెంబుల్ స్టూడియోస్ 2009లో మూతపడింది, అయినా ఆట చావలేదు. అభిమానులే దానికి కొత్త నాగరికతలు చేర్చారు, 2019లో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చింది, ఇప్పటికీ ఏ రాత్రి వెతికినా ఎదుటివాడు దొరుకుతాడు. నువ్వు నేర్చుకున్నది వచ్చే ఏడాది కొత్త భాగం వచ్చి కొట్టుకుపోతుందన్న భయం లేదు. ఇంకొక సంగతి నీకు నచ్చుతుంది. 1991లో సిడ్ మేయర్‌తో కలిసి మొదటి సివిలైజేషన్‌కు పనిచేసిన బ్రూస్ షెల్లీయే తర్వాత ఎన్సెంబుల్‌లో చేరి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రూపకల్పనలో ఉన్నాడు. సివిలైజేషన్‌లో నీకు నచ్చేది, ఒక గూడెం సామ్రాజ్యంగా ఎదగడం, ఇందులోనూ ఉంది. అక్కడ వారం పట్టేది ఇక్కడ ఒక్క పూటలో అయిపోతుంది.

ఆ పూట లెక్క కూడా చెప్తాను. ఆటలోని గడియారం మన గడియారం కన్నా 1.7 రెట్లు వేగంగా నడుస్తుంది. అందులో నలభై నిమిషాల పోరు మనకు ఇరవై నాలుగు నిమిషాలకు ముగుస్తుంది. నీ గంటలో ఒక ఆట ఆడి, ఆడినదాని రికార్డింగు వెనక్కి తిప్పి చూసుకుని, నీళ్లు తాగి పడుకోవచ్చు. ఆ రికార్డింగే నా వాదనకు ఆయువుపట్టు. ఓడిన కారణం దానిలో అంకెలతో సహా కనపడుతుంది. నీ ఊరి నడిబొడ్డున ఉండే టౌన్ సెంటర్ ఒక విలేజర్‌ను, అంటే పనివాణ్ణి, తయారుచెయ్యడానికి ఆట గడియారంలో 25 సెకన్లు. మొదటి పావుగంటలో నీ టౌన్ సెంటర్ మొత్తం నాలుగు నిమిషాలు ఊరికే ఉందనుకో, దాదాపు పదిమంది పనివాళ్లు తక్కువన్నమాట. ఎదుటివాడి నైట్స్, అంటే గుర్రపు దళం, నీ పొలాల మీద పడ్డప్పుడు నీకు సైన్యం లేకపోవడానికి కారణం ఆ పదిమందే. యుద్ధంలో ఓడిపోయానని అనుకుంటావు, అసలు ఓడింది ఎనిమిదో నిమిషంలో హౌస్ కట్టడం మర్చిపోయి టౌన్ సెంటర్ ఆగిపోయినప్పుడు. ఇంత తేటగా తప్పు చూపించే ఆట నీ అయిదింటిలో ఇంకొకటి లేదు.

ఇప్పుడు ఎలా మొదలుపెట్టాలో. తెలుగువాళ్లం కదా అని నువ్వు వెంటనే ద్రవిడియన్స్ మీద చెయ్యి వేస్తావని తెలుసు. 2022 ఏప్రిల్ దాకా ఇండియన్స్ అని ఒకే నాగరికత ఉండేది. డైనస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగంతో హిందుస్తానీలు, గుర్జరలు, బెంగాలీలు, ద్రవిడియన్స్ అని నాలుగయ్యాయి. రాజేంద్ర చోళుడి క్యాంపెయిన్ కూడా వచ్చింది, సరదాకి తప్పకుండా ఆడు. పోటీకి మాత్రం ద్రవిడియన్స్ వద్దు. వాళ్లకు నైట్స్ లేవు. కాల్బలంతో, నౌకలతో గెలవాలి, మైదానంలో వేగం తక్కువ. అది తెలిసినవాడి చేతికి తగిన నాగరికత. నువ్వు ఫ్రాంక్స్ తీసుకో. వాళ్ల గుర్రాలకు ప్రాణం ఎక్కువ, పొలాల అప్‌గ్రేడ్‌లు ఉచితం, బెర్రీలు త్వరగా కోస్తారు. కొత్తవాడి పొరపాట్లను కొంత భరిస్తారు. ఆరు నెలలు నాగరికత మార్చకు, మ్యాప్ కూడా అరేబియా ఒక్కటే పెట్టుకో. అన్నీ కొంచెం కొంచెంగా తెలుసుకోవడమే ఇంతకాలం నువ్వు చేస్తున్న పని, ఆట లోపల కూడా అదే చెయ్యకు.

మొదటి నెల మనుషులతో ఆడకు. ఆర్ట్ ఆఫ్ వార్ అని అందులోనే పాఠాలున్నాయి, తొలి ఆర్థిక వ్యవస్థ పాఠంలో బంగారు పతకం వచ్చేదాకా చెయ్యి. ఒక్క బిల్డ్ ఆర్డర్, అంటే ఏ పని తర్వాత ఏ పనో, నేర్చుకో. ఆరుగురు గొర్రెల మీద, తర్వాతివాళ్లు కట్టెల మీద, ఆపైన అడవిపంది, బెర్రీలు, రెండో దశ ఫ్యూడల్ ఏజ్‌కి వెళ్లగానే స్కౌట్‌లనే తేలికపాటి గుర్రాలు. అది చూడకుండా చెయ్యగలిగినప్పుడు మనుషులతో ఆడే ర్యాంక్డ్ పోటీల్లోకి దిగు. మొదట్లో వరసగా ఓడిపోతావు. రేటింగ్ దిగుతూ దిగుతూ నీ స్థాయివాళ్ల దగ్గర నిలబడుతుంది, అక్కడి నుంచి సగం గెలుస్తావు, సగం ఓడతావు. అది సరిగ్గా ఉండాల్సిన తీరు, దానికి మనసు కష్టపెట్టుకోకు. మూడు రాత్రుల్లోనూ రాత్రికి ఒక్కటే ఆట. ఓడిన కోపంతో వెంటనే రెండోది మొదలుపెట్టకు, ఆ సమయం రికార్డింగుకు ఇవ్వు. ఆదివారం మూడు గంటల్లో రెండు ఆడు, మిగతాది పైస్థాయివాళ్ల ఆటలు చూడు. మధ్యలో లేచి వెళ్లాల్సిన పనుందని తెలిస్తే అసలు మొదలే పెట్టకు. అవతల ఇంకొకడి గంట కూడా నీ చేతిలో ఉంటుంది.

మిగతా నాలుగూ ల్యాప్‌టాప్‌లోంచి తీసెయ్. కళ్ల ముందుంటే ఓడిన రాత్రల్లా చెయ్యి వాటి మీదకి పోతుంది. ఎక్కడికీ పోవు, కావాల్సినప్పుడు మళ్లీ దించుకోవచ్చు. ఇంటర్నల్స్ వారంలో దీన్ని కూడా ముట్టుకోకు. ఆ వారం పోయినా ఈ ఆటలో నీకు పెద్దగా నష్టం లేదని ఇంతసేపూ రాశాను కదా.

మార్చిలోగా నీకు ఇది బొత్తిగా రుచించకపోతే నాకు చెప్పు, వేరేది ఆలోచిద్దాం. రుచించకపోవడం వేరు, ఓడిపోతున్నానని విసుగు వేరు. ఏదో తేల్చుకుని చెప్పు.

ర్యాంక్డ్ మొదలుపెట్టాక ఓడిన ఆటల రికార్డింగులు నాకు పంపుతుండు. గెలిచినవి వద్దు. ఆదివారం పొద్దున నాకు ఖాళీ ఉంటుంది, మొదటి పావుగంట చూసి టౌన్ సెంటర్ ఎక్కడెక్కడ ఆగిందో నిమిషాలతో సహా రాసి పంపిస్తాను. పిన్ని నిన్ను అడిగానని చెప్పమంది. రాత్రి పదకొండుకల్లా పడుకో.

ఇట్లు,
మీ బాబాయి